బడి కంప్యూటర్లలోని లైనక్స్‌లో ప్రకటనలు రాకుండా చూసుకోవడం ఎలా

మధిర దగ్గర ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ల్యాబ్‌లో పన్నెండు పాత కంప్యూటర్లున్నాయి. వాటిని చూసుకోవడానికి వేరే మనిషి లేకపోవడంతో గది తాళంచెవి కొన్నేళ్లుగా నా దగ్గరే ఉంటోంది. పాత మెషిన్లకు బరువు కాకుండా ఉంటుందని అన్నిట్లోనూ డెబియన్ వేశాను. కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌ను కావలసిన ప్రోగ్రామ్‌లతో కలిపి కట్టి ఇచ్చే ఇలాంటి కూర్పును డిస్ట్రో అంటారు.

రెండేళ్ల కింద ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు గ్రాఫులు గీసే ప్రోగ్రామ్ ముందు కూర్చుని చెయ్యెత్తాడు. "టీచర్, ఇది నొక్కితే నిజంగా ఐదు నిమిషాల్లో పైసలిస్తారా?" అని అడిగాడు. వెళ్లి చూస్తే విండో అడుగున సన్నటి పట్టీలో అప్పు ప్రకటన. వాళ్ల నాన్న కౌలుకు మిరప వేశాడు, ఆ ఏడు ధర పడిపోయింది. ఇంటికెళ్లి నాన్నకు చెబుదామని ఆ యాప్ పేరు అప్పటికే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వాళ్ల వేధింపులు భరించలేక మన రాష్ట్రంలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టారు. అవన్నీ పేపర్లో చదివిన నేనే ఆ పట్టీని పిల్లవాడి కళ్ల ముందు పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అది దొంగ సాఫ్ట్‌వేర్ కాదు, జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఉన్నదే. డెబియన్‌లో ఉన్న వెర్షన్ పాతదని, కొత్తదాన్ని తయారుచేసినవాళ్ల సైట్ నుంచి నేనే దించి వేశాను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నాక ప్రకటనలుండవన్న నమ్మకంతో లోపల ఏముందో చూడలేదు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ల్యాబ్ నడిపే మిగతా టీచర్లకూ, లైబ్రరీలవాళ్లకూ, ఇంట్లో లైనక్స్ వాడేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట లైసెన్స్ మీద భరోసా తీసెయ్యండి

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే నాలుగు స్వేచ్ఛలు: ఏ పనికైనా నడుపుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, ఉన్నది ఉన్నట్టు పంచడం, మార్చినదాన్ని పంచడం. ప్రకటన చూపకూడదని ఈ నాలుగింట్లో ఎక్కడా లేదు. డెబియన్ 1997లో రాసుకున్న మార్గదర్శకాల్లోనూ లేదు. పైగా ఫలానా పనికి వాడకూడదని లైసెన్స్‌లో షరతు పెడితే డెబియన్ దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఒప్పుకోదు. అందుకని "ఇందులో ప్రకటనలు పెట్టకూడదు" అని లైసెన్స్‌తో కట్టడి చేయడం కుదరదు.

కానీ ఆ నాలుగు స్వేచ్ఛల్లోనే మందు కూడా ఉంది. లోపల చూసి మార్చుకోవచ్చు కాబట్టి ప్రకటనను ఎవరైనా తీసెయ్యవచ్చు. తయారుచేసినవాడికీ మనకూ మధ్య డిస్ట్రో మెయింటెయినర్ అని ఒక మనిషి నిలబడి ఉంటారు. కోడ్ తీసుకుని, సరిచేసి, ప్యాకేజీ కట్టి మనకిచ్చేది వాళ్లే. డెబియన్ తన సామాజిక ఒప్పందంలో వినియోగదారులకూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ ప్రాధాన్యమిస్తామని రాసుకుంది. ఆ మాట మీద నిలబడి నేను అడిగేది ఇదే: ప్రోగ్రామ్ పనికొచ్చేదైతే డిస్ట్రోలో ఉండనివ్వండి, దానిలోని ప్రకటన మాత్రం మూసి ఉండాలి, కావాలన్నవాళ్లే తెరుచుకోవాలి. మనం టైప్ చేసింది బయటికి పంపే ప్రకటనైతే ఆ భాగాన్ని కత్తిరించాకే లోపలికి రానివ్వాలి.

ప్రకటన ఉన్న ప్రోగ్రామ్‌నే డిస్ట్రోలోంచి మొత్తంగా తీసెయ్యమనేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయితే మా పిల్లలకు ఆ గ్రాఫుల ప్రోగ్రామ్ నిజంగా ఉపయోగపడింది. పట్టీ కోసం గ్రాఫులు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఏది ప్రకటనో తేల్చుకోండి

తెర మీద కనిపించే ప్రతి అభ్యర్థననూ ప్రకటన అనేస్తే మంచివాళ్లకు అన్యాయం చేసినట్టే. ప్రోగ్రామ్ ఏదైనా నేను మూడు విషయాలు చూస్తాను. ఆ మాట ఎవరి కోసం? అది ప్రోగ్రామ్‌లోనే రాసి ఉందా, నెట్ నుంచి వస్తోందా? దాన్ని చూపించడానికి మన గురించి ఏదైనా బయటికి పోతోందా?

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిస్తే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒక పంక్తి కనిపిస్తుంది. విమ్ తయారుచేసిన బ్రామ్ మూలెనార్ దాన్ని పెట్టారు. 2023లో ఆయన పోయారు, పంక్తి మాత్రం ఉంది. అది ప్రోగ్రామ్‌లోనే ఉన్న మాట, నెట్ తాకదు, మన సంగతి ఎవరికీ చెప్పదు. డిస్ట్రోలు దాన్ని అలాగే ఉంచాయి, అది సరైన పని. కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ 6.2 వెర్షన్ నుంచి ఏడాదికి ఒక్కసారి, డిసెంబర్‌లో, విరాళం అడుగుతుంది. వద్దంటే ఆపుకోవచ్చు. తయారుచేసినవాళ్లు తమ కూలి అడుగుతున్నారు, అందులో తప్పేముంది. మా ల్యాబ్‌లో విరాళం అడిగే మాటల్ని నేను తీయను. పిల్లలకు చూపించి, ఈ ప్రోగ్రామ్ వెనక మనుషులున్నారని చెబుతాను.

రెండో కొసన ఉబుంటు 12.10 ఉంది. ఉబుంటు కెనానికల్ అనే సంస్థ తయారుచేసే డిస్ట్రో. 2012 అక్టోబర్‌లో వచ్చిన ఆ వెర్షన్‌లో, డ్యాష్ అనే వెతుకుడు పెట్టెలో సొంత కంప్యూటర్‌లోని ఫైల్ కోసం రెండక్షరాలు కొట్టినా, ఆ అక్షరాలు కెనానికల్ సర్వర్‌కు వెళ్లేవి. అక్కడి నుంచి అమెజాన్ సరుకులు తెర మీదికి వచ్చేవి. ఎవరైనా కొంటే కెనానికల్‌కు కమిషన్. మొదట్లో ఆ సరుకుల బొమ్మలు నేరుగా అమెజాన్ నుంచే దిగేవి కాబట్టి మన ఐపీ అడ్రస్ వాళ్లకూ తెలిసేది. డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దీన్ని తప్పుపట్టింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ డిసెంబర్‌లో దీన్ని నిఘా సాఫ్ట్‌వేర్ అన్నారు, ఉబుంటును ఎవరికీ సిఫారసు చేయొద్దన్నారు. కెనానికల్ వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ సమర్థించుకుంటూ, మీ మెషిన్ మీద మాకు రూట్ అధికారం, అంటే ఏదైనా చేయగల అధికారం, ఎలాగూ ఉంది, మీరు మమ్మల్ని నమ్మే ఉన్నారు కదా అన్న అర్థంలో రాశారు. నమ్మకం ఉందని చెప్పి దాన్నే ఖర్చుపెట్టుకోవడం నాకు మింగుడు పడలేదు. చివరికి 2016లో వచ్చిన 16.04లో ఆ ఆన్‌లైన్ వెతుకులాటను ముందే ఆపి ఇచ్చారు. అప్పటికి మూడున్నరేళ్లు గడిచాయి.

ఈ రెంటికీ మధ్యలో పడేవే ఎక్కువ. డిస్ట్రో తన సొంత సేవను తానే చెప్పుకోవడం అలాంటిది. 2022 అక్టోబర్ ప్రాంతంలో ఉబుంటులో అప్‌డేట్ ఆదేశం ఇస్తే ఉబుంటు ప్రో గురించి ఒక ముక్క కనిపించడం మొదలైంది. ఐదు మెషిన్ల దాకా ఉచితమే, సరుకు మంచిదే. అయినా నేను అప్‌డేట్ అడిగితే అప్‌డేటే రావాలి. ఇలాంటివి ప్రకటన కిందే లెక్క, ఆపెయ్యండి.

కొత్త ప్రోగ్రామ్‌ను ఒక్క మెషిన్‌లో పరీక్షించండి

మా ల్యాబ్‌లో మూలనున్న పన్నెండో నంబర్ కంప్యూటర్ ఈ పనికే కేటాయించాను. కొత్తది ఏదైనా వారం పాటు అందులోనే ఉంటుంది.

మొదట నెట్ కేబుల్ పీకి ప్రోగ్రామ్ తెరవండి. ఎక్కడైనా ఖాళీ పెట్టె, గుండ్రంగా తిరిగే గుర్తు, "కనెక్షన్ లేదు" అన్న మాట కనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. గ్రాఫులు గీయడానికి నెట్ అవసరం లేదు. అవసరం లేనిచోట నెట్ అడిగే ప్రోగ్రామ్ ఏదో తెచ్చుకోవాలనో, ఏదో పంపాలనో చూస్తోందన్నమాట.

తర్వాత కేబుల్ పెట్టి ఓపెన్‌స్నిచ్ నడపండి. డెబియన్ 12 నుంచి ఇది డెబియన్ సొంత ప్యాకేజీల భాండాగారంలోనే ఉంది. ప్యాకేజీలు వేసే సినాప్టిక్ అనే ప్రోగ్రామ్‌లో వెతికి వేసుకోవచ్చు. ఏ ప్రోగ్రామ్ ఏ అడ్రస్‌కు వెళ్లాలన్నా ఇది మిమ్మల్ని అడుగుతుంది. మొదటి రోజు తెగ అడుగుతుంది, చిరాకు పడి అన్నిటికీ సరే అనకండి. ఒక కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి, ప్రోగ్రామ్ పేరు ఒకవైపు, అది అడిగిన అడ్రస్ ఇంకోవైపు రాయండి. మా గ్రాఫుల ప్రోగ్రామ్ ఎదురుగా ఒక ప్రకటనల సంస్థ అడ్రస్ రాయడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ముందే ఈ పని చేసి ఉంటే ఆ పిల్లవాడి నోట్‌బుక్‌లో ఆ పేరు పడేది కాదు.

వారంలో కనీసం రెండుసార్లు మెషిన్ ఆపి మళ్లీ వేయండి, ప్రోగ్రామ్‌ను వేరే యూజర్‌తో కూడా తెరవండి. మొదటిసారి తెరిచినప్పుడు బుద్ధిగా ఉండి, మూడో రోజు నుంచి పట్టీ చూపించేవీ ఉంటాయి.

ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారన్నది చూడండి

నా పొరపాటు అసలు ఇక్కడే జరిగింది. డెబియన్ భాండాగారం నుంచి వచ్చే ప్యాకేజీ మీద కనీసం ఒక మెయింటెయినర్ కన్ను పడి ఉంటుంది. మనుషులకు తోడు లింటియన్ అనే తనిఖీ ప్రోగ్రామ్ కూడా ఉంది. ప్యాకేజీలోని సహాయ పేజీలు తెరిస్తే బయటి సర్వర్ నుంచి బొమ్మలు, విరాళాల బటన్లు, గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు దిగేలా ఉంటే అది ప్రైవసీకి గండి అని గుర్తు వేస్తుంది. సహాయ పేజీని కూడా ఇంత శ్రద్ధగా చూసేవాళ్లున్నారని తెలిసిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది. సైట్ నుంచి నేరుగా దించుకుంటే ఈ కాపలా ఏదీ ఉండదు. వెర్షన్ కాస్త పాతదైనా పిల్లల మెషిన్లకు డిస్ట్రోదే మేలు.

ఫోన్లలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఎఫ్-డ్రాయిడ్ స్వేచ్ఛా యాప్‌ల భాండాగారం. ఫోన్ యాప్‌లలో ప్రకటనలు చూపడానికి కలుపుకునే తయారు కోడ్ ముక్కల్లో (లైబ్రరీలంటారు) చాలావాటి కోడ్ మూసి ఉంటుంది, కాబట్టి వాటిని కలుపుకున్న యాప్ లైసెన్స్ లెక్కనే అక్కడ నిలవదు. స్వేచ్ఛగా ఉంటూనే ప్రకటనలు చూపే యాప్‌ను ఎఫ్-డ్రాయిడ్ గెంటెయ్యదు, దాని పేజీలో "ప్రకటనలు" అనే అవలక్షణం ఉందని చీటీ అంటిస్తుంది. ట్రాకింగ్‌కు వేరే చీటీ. దించుకునేముందే మనకు తెలుస్తుంది. డెబియన్‌లోనూ, మిగతా డిస్ట్రోల్లోనూ ఇలాంటి చీటీ ఉండాలని నా గట్టి కోరిక.

2023 చివర్లో సింపుల్ మొబైల్ టూల్స్ అనే యాప్‌ల కుటుంబాన్ని, ప్రకటనలతో సబ్‌స్క్రిప్షన్లతో డబ్బు చేసుకునే జిపోయాప్స్ కొనేసింది. గ్యాలరీ, క్యాలెండర్, ఫైల్ మేనేజర్ అన్నీ అందులోవే. మా అమ్మ ఫోన్‌లో ఆ గ్యాలరీయే ఉండేది. కోడ్ స్వేచ్ఛగా ఉంది కాబట్టి దాన్ని తీసుకుని ఫాసిఫై పేరుతో కొత్త శాఖ మొదలుపెట్టారు. అమ్మ ఫోన్‌లో పాతది తీసి ఎఫ్-డ్రాయిడ్ నుంచి ఫాసిఫై గ్యాలరీ వేశాను. మనవరాలి ఫొటోలు ఎప్పటిలాగే ఉన్నాయా అని మాత్రం అడిగింది.

ఉన్నవాటిని ఆపడం

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌తో మొదలుపెట్టండి, చాలా డిస్ట్రోల్లో అదే ఉంటుంది. 2014లో కొత్త ట్యాబ్ పేజీలో స్పాన్సర్ల పలకలు పెట్టారు, మరుసటి ఏడాది చివర్లో వద్దనుకున్నారు. తర్వాత స్పాన్సర్లు మళ్లీ వచ్చారు, 2021 నుంచి అడ్రస్ బార్ సూచనల్లోకి కూడా. సెట్టింగ్స్‌లో హోమ్ విభాగం తెరిచి "స్పాన్సర్డ్" అన్న మాట ఉన్న ప్రతి టిక్కూ తీసెయ్యండి. సెర్చ్ విభాగంలో స్పాన్సర్ల సూచనల టిక్ కూడా తీయండి.

పన్నెండు మెషిన్లలో, ఒక్కో దాంట్లో నాలుగు క్లాసుల యూజర్లకు విడివిడిగా ఈ పని చేయలేం. దానికి పాలసీల ఫైల్ ఉంది. ఈటీసీ ఫోల్డర్‌లో ఫైర్‌ఫాక్స్, దాని లోపల పాలసీస్ అనే ఫోల్డర్లు పెట్టి, అందులో పాలసీస్ డాట్ జేసన్ అనే ఫైల్ రాయాలి. ఫోల్డర్ల పేర్లు, ఫైల్ పేరు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే. ఫైల్ లోపల పాలసీస్ కింద ఫైర్‌ఫాక్స్‌హోమ్, దాని కింద స్పాన్సర్డ్‌టాప్‌సైట్స్ ఎదుట ఫాల్స్, లాక్డ్ ఎదుట ట్రూ అని పెట్టండి. ఈ పేర్లలో పదాల మధ్య ఖాళీ ఉండదు, ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది; పాలసీస్, ఫాల్స్, ట్రూ మాత్రం అన్నీ చిన్న అక్షరాలే. అక్షరం తేడా వస్తే ఫైల్ పనిచేయదు, ఎందుకు పనిచేయలేదో తెర మీద చెప్పదు కూడా. అందుకే అయ్యాక అడ్రస్ బార్‌లో "అబౌట్" కొట్టి, కోలన్ పెట్టి, "పాలసీస్" అని కొట్టి చూడండి. మీరు రాసినవి అక్కడ కనిపిస్తే కుదిరినట్టే. నేను మొదటిసారి ఒక కామా మరిచిపోయి సాయంత్రం ఐదున్నర దాకా బడిలోనే ఉన్నాను.

ఇక వెతుకుడు యంత్రం. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు వచ్చే డబ్బులో చాలా భాగం, సెర్చ్ పెట్టెలో గూగుల్‌ను ముందుగా ఉంచినందుకే వస్తుంది. ఆలోచిస్తే అది కూడా చప్పుడు లేని ప్రకటనే. నేను మా ల్యాబ్‌లో డక్‌డక్‌గో పెట్టాను, అక్కడా ప్రకటనలుంటాయి, కాకపోతే అవి వెతికిన మాటను బట్టే వస్తాయి, పిల్లవాడెవరో గుర్తుపెట్టుకుని రావు. ఇది పూర్తి పరిష్కారం కాదని నాకు తెలుసు.

ఉబుంటు వాడేవాళ్లకు రెండు చిన్న పనులున్నాయి. టెర్మినల్ తెరిచి "సుడో ప్రో కాన్ఫిగ్ సెట్ ఏపీటీ అండర్‌స్కోర్ న్యూస్ ఈక్వల్ టు ఫాల్స్" అన్నది ఇంగ్లిష్‌లో కొడితే అప్‌డేట్ మధ్యలో వచ్చే వార్తల ముక్కలు ఆగుతాయి. సర్వర్‌లోకి లాగిన్ అవగానే కనిపించే వార్త వేరే దారిన వస్తుంది. 2017లో అందులో ఒక టీవీ సీరియల్‌కు సంబంధించిన కబురు రావడంతో పెద్ద గొడవ జరిగింది. ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఎంఓటీడీ-న్యూస్ అనే ఫైల్ తెరిచి, ఎనేబుల్డ్ ఎదుట 1 తీసి 0 పెట్టండి.

మెయింటెయినర్‌కు రాయండి

మన మెషిన్లలో ఆపుకుంటే మన పిల్లలకు సరిపోతుంది. డిస్ట్రోలోనే ఆపితే అందరి పిల్లలకూ సరిపోతుంది. డెబియన్‌లో రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రామ్ ఉంది, దానితో నేరుగా రాయవచ్చు. కోపంగా రాయకండి, వాళ్లలో చాలామంది జీతం లేకుండా పనిచేసేవాళ్లు. ప్యాకేజీ పేరు, వెర్షన్ నంబర్, ప్రకటన ఏ తెర మీద ఏ మూల కనిపించింది, ఓపెన్‌స్నిచ్ చూపిన అడ్రస్, మనం ఏం టైప్ చేసినప్పుడు అది వచ్చింది, ఆపే సెట్టింగ్ ఉందా లేదా, ఇవి రాస్తే చాలు. చివర్లో ఒక్క వాక్యంలో మీ కోరిక చెప్పండి: ఈ సెట్టింగ్‌ను ముందే ఆపి ఇవ్వగలరా అని. నా ఇంగ్లిష్ అంత గొప్పది కాదు, పది వాక్యాలు రాయడానికి ఒక ఆదివారం పట్టింది. జవాబు మర్యాదగానే వచ్చింది. కొత్త వెర్షన్ డెబియన్‌లోకి వచ్చినప్పుడు ఆ పట్టీ లేకుండానే వచ్చింది.

తయారుచేసినవాళ్లకూ రాశాను. సర్వర్ ఖర్చులు ఎలా తట్టుకోమంటారు అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకుండా పట్టీ ఒక్కటీ తీయమనడం సరికాదనిపించింది. 2019 ఆగస్టులో జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష లోకంలో ఇలాంటిదే జరిగింది. స్టాండర్డ్ అనే ప్యాకేజీ వేసుకుంటుంటే టెర్మినల్‌లోనే సంస్థల ప్రకటనలు వచ్చాయి. గొడవ కాగానే రోజుల్లోనే ఆపేశారు. ప్యాకేజీల భాండాగారం నడిపే ఎన్‌పీఎం అలాంటి ప్రకటనల్ని నిషేధిస్తామంది. ఆ ఏడాదే విరాళం ఎవరికివ్వవచ్చో అడిగితే చూపించే ఆదేశాన్ని కూడా తెచ్చింది. అడిగితేనే చూపిస్తుంది, నాకు నచ్చింది అదే. మా స్టాఫ్‌రూమ్‌లో నేనూ, సైన్స్ టీచర్ రమ అక్కా కలిసి ఏడాదికి వెయ్యి రూపాయలు ఆ గ్రాఫుల ప్రోగ్రామ్ వాళ్లకు పంపుతున్నాం. పెద్ద మొత్తం కాదు, కానీ వాళ్లడిగిన ప్రశ్నకు మాకు చేతనైన జవాబు అది.

జూన్‌లో మళ్లీ చూసుకోండి

డెబియన్ కొత్త వెర్షన్ దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత పాత సెట్టింగ్ పేరు మారిపోవచ్చు, కొత్త పట్టీ రావచ్చు. బడి తెరిచే వారం ముందు కేబుల్ పరీక్ష, ఓపెన్‌స్నిచ్ కాగితం, పాలసీల పేజీ, మూడూ మళ్లీ చేయండి. మా ల్యాబ్‌లో ఈ ఏడాది నుంచి ఆ కాగితం పిల్లలే రాస్తున్నారు. అప్పుడు చెయ్యెత్తిన పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి, పన్నెండో నంబర్ కంప్యూటర్ వాడి చేతిలోనే ఉంది. పోయిన వారం ఒక టైపింగ్ ప్రోగ్రామ్ పక్కన తెలియని అడ్రస్ ఒకటి రాసి, "టీచర్, టైపింగ్‌కు నెట్ ఎందుకు?" అని పక్కన ప్రశ్నార్థకం పెట్టి నా టేబుల్ మీద ఉంచాడు. రేపు సాయంత్రం దాని సంగతి చూడాలి.